అమెరికా బడి గొడవలు: మీరడిగారు, మేం చెప్తున్నాం

పోయిన సంచికలో అమెరికా స్కూళ్ల మీద ఏమైనా అడగాలనుంటే రాయమన్నాం, ఇన్ని వస్తాయని మాత్రం అనుకోలేదు. ఇక్కడి నుంచి రాసినవాళ్లు ఎక్కువమంది "అసలు అక్కడ గొడవేంటి" అనడిగారు, అక్కడి నుంచి రాసినవాళ్లు "మా పిల్లాడి సంగతేంటి" అనడిగారు. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాం, పేర్లు తీసేసి ఊళ్లు ఉంచాం.

*ప్రశ్న: మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంటుంది. ఫోన్ చేస్తే "అమ్మా ఇవాళ స్కూల్ బోర్డు మీటింగుంది, లైబ్రరీ పుస్తకాల గురించి గొడవ, నేనూ వెళ్తున్నా" అంటుంది. బళ్లో ఏ పుస్తకం ఉండాలో గవర్నమెంటు చెప్తుంది కదండీ, తల్లిదండ్రులు పోట్లాడుకోవడమేంటి? (ఒక అమ్మమ్మ, తెనాలి)*

అమ్మా, మన దగ్గర ఎస్‌సీఈఆర్‌టీ వాళ్లు ఒక పుస్తకం తయారుచేస్తే తెనాలిలో అదే, టెక్కలిలో అదే, అందుకని మీకు వింతగా ఉంటుంది. అక్కడ వాషింగ్టన్‌కి పాఠాల విషయంలో నోరు లేదు, ఫెడరల్ ప్రభుత్వం, అంటే కేంద్రం, సిలబస్ జోలికి రాకూడదని చట్టంలోనే రాసి పెట్టుకున్నారు. రాష్ట్రం ఒక గిరి గీస్తుంది, ఏ క్లాసులో ఏం రావాలి అని, ఆ తర్వాత పెత్తనం స్కూల్ డిస్ట్రిక్టుది, అంటే ఒక ఏరియాలోని ప్రభుత్వ బళ్లని నడిపే స్థానిక సంస్థది, మన జిల్లా లాంటిది కాదు. అలాంటివి దేశం మొత్తం మీద 13 వేల దాకా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక బోర్డు, చాలా చోట్ల ఐదుగురో ఏడుగురో, వాళ్లని ఆ ఏరియా జనమే ఓట్లేసి పంపిస్తారు. అందులో పళ్ల డాక్టరుండొచ్చు, ఇళ్లు అమ్మే ఏజెంటుండొచ్చు, ఇంట్లో ఉండి ముగ్గురు పిల్లల్ని పెంచే తల్లి ఉండొచ్చు. ఆ బళ్లన్నిటికీ పెద్ద అధికారి అయిన సూపరింటెండెంట్‌ని పెట్టేదీ తీసేదీ వాళ్లే, బడ్జెట్టు వాళ్లదే, లైబ్రరీలో ఫలానా పుస్తకం తీసెయ్యండి అని ఎవరైనా కంప్లైంటు ఇస్తే చివరికి చెయ్యెత్తి తేల్చేదీ వాళ్లే.

ఆ బోర్డు ఎలక్షన్లకి వచ్చి ఓటేసేవాళ్లు బాగా తక్కువ, అందుకని కొన్ని వందలమంది గట్టిగా పట్టుబడితే చాలు బోర్డు రంగు మారిపోతుంది. మతం, జెండర్, బానిసత్వం చరిత్ర, దేశంలో దేని మీద తగువున్నా సరే చివరికి వచ్చి ఈ రూములో పడుతుంది, ఎందుకంటే మామూలు మనిషి చేతికి మైకు దొరికేది ఇక్కడే. టెక్సాస్‌లో దీనిపైన ఇంకో అంతస్తు కూడా ఉంది, స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ అని 15 మంది, వాళ్లు పార్టీ టికెట్టు మీద గెలిచొస్తారు. అంత పెద్ద రాష్ట్రం పుస్తకాలు కొంటుంది కాబట్టి పబ్లిషర్లు ఏళ్ల తరబడి ఆ 15 మంది ఏమంటారో అని భయపడుతూ రాయించారు. మీ అమ్మాయి వెళ్తానంటే వెళ్లనివ్వండి.

*ప్రశ్న: నేను బయాలజీ చెప్పి రిటైరయ్యాను. డార్విన్ సంగతి 1925లోనే అమెరికా కోర్టులో తేలిపోయింది, సైన్సు గెలిచింది అని మా గురువులు చెప్పేవారు. మరి ఇప్పటికీ దాని మీద కేసులెందుకు నడుస్తాయి? (హనుమకొండ)*

మాస్టారూ, అప్పుడు గెలవలేదండి. ఓడిపోయింది!

1925 మార్చిలో టెనెసీ రాష్ట్రం బట్లర్ చట్టం తెచ్చింది, మనిషి కింది జంతువుల నుంచి వచ్చాడని ప్రభుత్వ బళ్లో చెప్తే నేరం. ఏసీఎల్‌యూ అనే హక్కుల సంఘం ఈ చట్టాన్ని కోర్టుకి లాగాలి, ఒప్పుకునే టీచరెవరైనా ఉన్నారా అని పేపర్లో వేసింది. డేటన్ అనే చిన్న ఊళ్లో నలుగురు పెద్దమనుషులు మందుల షాపులో కూర్చుని, ఈ కేసేదో మన ఊళ్లో నడిస్తే ఊరికి పేరొస్తుంది నాలుగు డబ్బులొస్తాయి అని లెక్కేసుకుని, జాన్ స్కోప్స్ అనే 24 ఏళ్ల కుర్ర టీచర్ని పిలిపించి నువ్వు కేసులో ఉంటావా అనడిగారు, అతను సరేనన్నాడు. ఇంకో తమాషా ఏంటంటే చట్టం ఏ పాఠాన్ని వద్దందో ఆ పాఠం అదే రాష్ట్రం వాడమన్న పుస్తకంలో ఉంది. జులైలో విచారణ. చికాగో రేడియో లైవ్ ఇచ్చింది. చట్టం పక్షాన మూడుసార్లు ప్రెసిడెంటుగా పోటీచేసి ఓడిపోయిన విలియం జెన్నింగ్స్ బ్రయన్, స్కోప్స్ పక్షాన పేరుమోసిన లాయర్ క్లారెన్స్ డారో. జ్యూరీ తొమ్మిది నిమిషాల్లో దోషి అనేసింది, 100 డాలర్ల ఫైను. విచారణ ముగిసిన ఐదు రోజులకి బ్రయన్ ఆ ఊళ్లోనే నిద్రలో పోయాడు. 1927లో పై కోర్టు ఫైను కొట్టేసింది గానీ సైన్సు మీద ప్రేమతో కాదు, 50 డాలర్లు దాటిన ఫైను జ్యూరీ వెయ్యాలి జడ్జి వెయ్యకూడదు అన్న పాయింటు మీద. చట్టం 1967 దాకా అలాగే ఉంది.

ఆ మధ్యలో జరిగిందే అసలు నష్టం. మనకెందుకొచ్చిన గొడవ అని పబ్లిషర్లు ఆ పాఠాన్ని కుదించేశారు, కొన్ని పుస్తకాల్లో డార్విన్ పేరే లేకుండా పోయింది. 1957లో రష్యా స్పుత్నిక్ పైకి పంపేసరికి మన పిల్లలు సైన్సులో వెనకపడ్డారు అని కంగారు పుట్టి అప్పుడు మళ్లీ లోపలికి తెచ్చారు. నిషేధం చెల్లదు అని సుప్రీం కోర్టు 1968లో అంది. సరే నిషేధించం, సృష్టివాదం (దేవుడే అన్నిటినీ సృష్టించాడన్న వాదం) కూడా సమానంగా చెప్పండి అని లూసియానా అంటే 1987లో అదీ కుదరదంది. అప్పుడు పేరు మారింది, ఇంటెలిజెంట్ డిజైన్ అని, జీవుల్ని ఎవరో తెలివైనవాడే రూపొందించి ఉండాలన్న వాదన. పెన్సిల్వేనియాలో డోవర్ అనే చిన్న డిస్ట్రిక్టు బోర్డు 2004లో తొమ్మిదో క్లాసు పిల్లలకి దీని గురించి ఒక ప్రకటన చదివి వినిపించాలంది, టీచర్లు మేం చదవం అన్నారు, 11 మంది తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. 2005 డిసెంబర్‌లో జడ్జి జాన్ జోన్స్ (బుష్ పెట్టిన జడ్జే) ఇది సైన్సు కాదు మతమే అని తీర్పిచ్చాడు. ఆయన తీర్పు రాకముందే ఊరి జనం ఎలక్షన్లో ఆ బోర్డు మెంబర్లని ఇంటికి పంపేశారు, తర్వాత లాయర్ ఫీజుల కింద డిస్ట్రిక్టు మిలియన్ డాలర్లు కట్టుకుంది. ఇదంతా ట్యాక్సు డబ్బే మరి.

ఒకమాట మాత్రం, బ్రయన్‌ని మరీ వెర్రివాడిలా చూపిస్తారు గానీ ఆ నాటి బయాలజీ పుస్తకంలో యూజెనిక్స్ (మేలురకం మనుషులే పిల్లల్ని కనాలన్న సిద్ధాంతం) కూడా ఉండేది, తెల్లజాతిని పైమెట్టు మీద కూర్చోబెట్టిన రాతలుండేవి. ఇక మన సంగతికొస్తే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు పదో తరగతి పుస్తకం నుంచి ఎవల్యూషన్ పాఠం తీసేసింది 2023లో, పిల్లలకి భారం తగ్గించడానికట! మన దగ్గర కొందరు సైంటిస్టులు ఉత్తరం రాశారు తప్ప కోర్టు లేదు, ఎలక్షన్ లేదు, ఏ తల్లీ మైకు పట్టుకోలేదు.

*ప్రశ్న: డాలస్ పక్కన ఉంటాం. క్లాస్‌రూముల్లో టెన్ కమాండ్‌మెంట్స్ (బైబిల్లోని పది ఆజ్ఞలు) పోస్టర్లు పెట్టాలని చట్టమొచ్చింది, మా పాప మూడో క్లాసు. మనం హిందువులం అని చెప్పి వద్దనొచ్చా? (ఫ్రిస్కో)*

మీ పాప క్లాసు ఒక్కదానికి వద్దనే వీలు ఆ చట్టంలో లేదు. సెనేట్ బిల్లు 10 అని 2025లో గవర్నర్ ఆబట్ సంతకం పెట్టాడు, ప్రతి క్లాసురూములో కనీసం 16 అంగుళాల వెడల్పు 20 అంగుళాల ఎత్తు పోస్టరు, అక్షరాలు రూములో ఎక్కడి నుంచైనా కనపడాలి. పోస్టరు ఎవరైనా దానంగా ఇస్తే పెట్టి తీరాలి. అంతకుముందు ఏడాది లూసియానా ఇలాంటిదే తెచ్చింది.

దీని మీద కోర్టుకెళ్లిన టెక్సాస్ కుటుంబాల్లో యూదులున్నారు, క్రైస్తవులే ఉన్నారు, హిందూ కుటుంబం కూడా ఉంది. అంటే మనవాళ్లలో ఎవరో ముందుకొచ్చారు, ఊరికే గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసి ఊరుకోలేదు. 2025 ఆగస్టులో ఫెడరల్ జడ్జి ఒకాయన 11 డిస్ట్రిక్టుల్లో ఆపమన్నాడు, ఆ తర్వాత కేసులు పైకెళ్లాయి. పాత తీర్పు చూస్తే 1980లో కెంటకీ చట్టం ఇలాంటిదే, సుప్రీం కోర్టు 5-4 ఓట్లతో కొట్టేసింది. మరి మళ్లీ ఎందుకు తెచ్చారు అంటే కోర్టులో మనుషులు మారారు కాబట్టి. 2022లో వాషింగ్టన్ రాష్ట్రంలో బ్రెమర్టన్ అనే ఊళ్లో ఫుట్‌బాల్ కోచ్ ఆట అయ్యాక గ్రౌండు మధ్యలో మోకాళ్ల మీద ప్రార్థన చేసుకుంటే డిస్ట్రిక్టు పక్కన పెట్టిన కేసు వచ్చింది, సుప్రీం కోర్టు 6-3తో అతని పక్షాన నిలబడి, పాత కేసుల్లో వాడిన కొలబద్దనే పక్కన పెట్టేసింది. అది చూసి రాష్ట్రాలకి ధైర్యమొచ్చింది.

పోస్టరు సంగతి కోర్టు చూసుకుంటుంది గానీ మీకు ఇప్పటికే ఉన్న హక్కులు రెండు తెలుసుకోండి. స్కూలు తరఫున ప్రార్థన చేయించకూడదు, అది 1962 నుంచి ఉంది, న్యూయార్క్‌లో 22 పదాల చిన్న ప్రార్థన మీద వచ్చిన తీర్పు. జెండాకి వందనం చెయ్యమని పిల్లల్ని బలవంతపెట్టకూడదు, ఇది ఇంకా పాతది, 1943, అదీ యుద్ధం జరుగుతున్న రోజుల్లో. మీ పాప బొట్టు పెట్టుకుని వెళ్తే, టిఫిన్ తినేముందు తనంతట తను దణ్ణం పెట్టుకుంటే ఎవరూ ఆపలేరు.

*ప్రశ్న: పుస్తకాల బ్యాన్ అంటారు, అమెజాన్‌లో దొరుకుతుంటే అది బ్యాన్ ఎలా అవుతుంది? (డిగ్రీ విద్యార్థి, కర్నూలు)*

కొనుక్కోగలిగినవాడికి కాదు బాబూ, స్కూలు లైబ్రరీ తప్ప ఇంకో దారి లేని పిల్లాడికి అవుతుంది. 1982లో న్యూయార్క్‌లోని ఐలాండ్ ట్రీస్ అనే డిస్ట్రిక్టు కేసులో, కేవలం అందులోని ఆలోచనలు నచ్చలేదని లైబ్రరీ నుంచి తీసెయ్యకూడదు అని సుప్రీం కోర్టు అంది గానీ జడ్జీలు తలోమాట రాశారు, అందుకని ఆ తీర్పు ఇప్పటికీ గట్టిగా నిలబడదు. ఫ్లోరిడాలో 2021లో మొదలైన మామ్స్ ఫర్ లిబర్టీ లాంటి, ఫలానా పుస్తకాలు బళ్లోంచి తీసెయ్యమనే తల్లిదండ్రుల సంఘాలు ఈ సందులోంచే వచ్చాయి. ఇంకోవైపు, 2025 జూన్‌లో మేరీలాండ్ మాంట్‌గామరీ కౌంటీ కేసు చూడు, గే పాత్రలున్న కథల పుస్తకాలు చదివేటప్పుడు మా పిల్లల్ని బయటికి పంపండి అని ముస్లిం, క్యాథలిక్, ఆర్థడాక్స్ తల్లిదండ్రులు కలిసి వెళ్లి 6-3తో గెలిచారు. వాళ్లలో ఎవరూ పుస్తకం తీసెయ్యమనలేదు, మా పిల్లాడికి వద్దు అన్నారంతే. ఈ రెంటికీ చాలా తేడా ఉంది, టీవీలో మాత్రం రెంటినీ కలిపేస్తారు.

*ప్రశ్న: మా బాబు ఏడో క్లాసు, టీజే టార్గెట్. నాలుగో క్లాసు నుంచి మ్యాథ్ కోచింగ్. పరీక్ష తీసేసి మన పిల్లలకి అన్యాయం చేశారని అందరూ అంటున్నారు, సుప్రీం కోర్టు కూడా పట్టించుకోలేదు. మెరిట్‌కి విలువ లేదా? (యాష్‌బర్న్, వర్జీనియా)*

ఇది ఇండియాలో ఉన్నవాళ్లకి కూడా అర్థమవ్వాలి కాబట్టి కొంచెం వెనక్కెళ్తా. థామస్ జెఫర్సన్ అని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో సైన్సు హైస్కూలు, టీజే అంటారు, పబ్లిక్ స్కూలే, ఫీజు లేదు, దేశంలో నంబర్ వన్ అని చాలాసార్లు పేరొచ్చింది. మన ఐఐటీ మోజు మొత్తం అక్కడ ఆ ఒక్క బడి మీదికి వెళ్లింది. 2020 వేసవిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని పోలీసు చంపిన తర్వాత దేశమంతా ఊగిపోతున్నప్పుడు ఆ ఏడాది సీట్ల లిస్టు బయటికొచ్చింది, అందులో నల్లజాతి పిల్లలు దాదాపు లేరు, ఒక శాతం. ఆసియా పిల్లలు 73 శాతం. ఆ ఏడాది చివర్లో బోర్డు ఎంట్రన్సు పరీక్ష తీసేసింది, 100 డాలర్ల అప్లికేషన్ ఫీజు తీసేసింది, సీట్లు 550కి పెంచింది, ప్రతి మిడిల్ స్కూలు నుంచి ఎనిమిదో క్లాసు పిల్లల్లో ఒకటిన్నర శాతానికి సీటు ఖాయం అంది. మార్కులు, ఒక వ్యాసం, పేద కుటుంబమా, ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడరా, ఇలాంటివి చూస్తారు, పిల్లాడి జాతి ఏంటో పేరేంటో సెలెక్షన్ చేసేవాళ్లకి తెలియదు. తర్వాతి బ్యాచ్‌లో ఆసియా వాటా 54 శాతానికి దిగింది.

కోయలిషన్ ఫర్ టీజే అని తల్లిదండ్రుల సంఘం, మనవాళ్లూ చైనా వాళ్లూ ఎక్కువ, కోర్టుకెళ్లింది. 2022 ఫిబ్రవరిలో కింది కోర్టు వీళ్ల పక్షం, 2023 మేలో అప్పీల్ కోర్టు 2-1తో బోర్డు పక్షం, 2024 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు వినం అంది, జడ్జీలు అలిటో, థామస్ మాత్రం వినాల్సిందే అని కోపంగా రాశారు. కాలేజీల్లో జాతి చూసి సీట్లివ్వకూడదని 2023లో తీర్పిచ్చిన కోర్టే ఇది, అందుకని అందరూ ఆశపడ్డారు.

ఇప్పుడు నా మాట. మీకు నచ్చకపోవచ్చు. బోర్డు తొందరపడింది, తల్లిదండ్రులతో సరిగ్గా మాట్లాడలేదు, ఆసియా వాళ్ల గురించి వాళ్లలో వాళ్లు పంపుకున్న మెసేజీలు కోర్టులో చదివితే చదివినవాళ్లకే సిగ్గేసింది, అదంతా నిజం. కానీ వేల డాలర్లు పోసి నాలుగో క్లాసు నుంచి తోమించిన పరీక్షని పట్టుకుని ఇదే మెరిట్ అంటే నేనొప్పుకోను. అమీర్‌పేటలో, విజయవాడ హాస్టళ్లలో ఆ మెరిట్ ఎలా తయారవుతుందో చూసినవాళ్లం మనం. పాత పద్ధతిలో పేద ఇంటి పిల్లలు అక్కడ ఒక శాతం కూడా లేరు, కొత్తగా వచ్చిన మొదటి బ్యాచ్‌లో నాలుగోవంతు ఉన్నారు, వాళ్లలో ఆసియా పిల్లలు కూడా ఉన్నారు, అది మన గ్రూపుల్లో ఎవరూ చెప్పరు.

మీ బాబు సంగతి అడిగారు కాబట్టి: ఇప్పుడు పోటీ తన మిడిల్ స్కూలు లోపలే ఎక్కువ. మంచి స్కూలుందని ఎక్కువ రేటు పెట్టి ఇల్లు కొన్నవాళ్ల పిల్లలంతా ఒకేచోట కూడి ఆ సీట్ల కోసం ఒకళ్లతో ఒకళ్లు కొట్టుకుంటున్నారు. సీటు రాకపోయినా కొంపలేం మునగవండి, మీ లౌడన్ కౌంటీకి సొంత సైన్సు అకాడమీలున్నాయి, పిల్లాణ్ని ఏడో క్లాసులోనే అంత నలిపెయ్యకండి.

*ప్రశ్న: మా వాడు టెక్సాస్‌లో ఇల్లు కొంటున్నాడు, ఇంటికంటే ముందు స్కూలు రేటింగ్ చూస్తున్నాడు. ప్రభుత్వ బడులన్నీ ఒకటే కదా, ఒక వీధిలో పదికి పది, పక్క వీధిలో నాలుగు ఎలా ఉంటుంది? (ఖమ్మం)*

ఇంటి పన్ను మీద బడి నడిస్తే అలాగే ఉంటుంది. ఖరీదైన ఇళ్లున్న డిస్ట్రిక్టుకి తక్కువ రేటుతో పన్నేసినా బోలెడు డబ్బు, పేద డిస్ట్రిక్టు ఎంత పిండినా రాదు. 1968లో శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే మెక్సికన్ పేటలో బడి పైకప్పు ఊడిపోతుంటే డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి, మరికొందరు కలిసి కేసేశారు. అప్పుడు ఎడ్జ్‌వుడ్‌లో పిల్లాడి మీద ఏడాదికి 356 డాలర్లు ఖర్చు, అదే ఊళ్లో ధనవంతులుండే ఆలమో హైట్స్‌లో 594. పైగా పన్ను రేటు ఎక్కువ కట్టింది ఎడ్జ్‌వుడ్ వాళ్లే! 1973లో సుప్రీం కోర్టు 5-4తో ఓడించేసింది, చదువు రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంది. ఆ ఒక్క ఓటు అటు తిరిగుంటే అమెరికా వేరేగా ఉండేది అని నాకెప్పుడూ అనిపిస్తుంది. పుస్తకాల గొడవలకి వచ్చినంత జనం ఈ డబ్బు గొడవకి రారు, ఎందుకో మరి. తర్వాత రాష్ట్ర కోర్టు మెడమీద కూర్చుంటే 1993లో టెక్సాస్ ధనిక డిస్ట్రిక్టుల డబ్బు కొంత తీసి పేదవాటికి పంచే పద్ధతి పెట్టింది, జనం దాన్ని రాబిన్‌హుడ్ అంటారు, ధనిక డిస్ట్రిక్టుల వాళ్లు ఇప్పటికీ దాని మీద సణుగుతూనే ఉంటారు. మీవాడు కొనబోయే ఇల్లు ఎటువైపుందో ఊహించగలను.

*ప్రశ్న: ప్రైవేటు స్కూలుకి వెళ్తే ప్రభుత్వమే డబ్బిస్తుందట, వోచర్ అంటున్నారు. మన ఫీజు రీయింబర్స్‌మెంట్ లాంటిదే కదా, మంచిదే కదా, దాన్నెందుకు వ్యతిరేకిస్తున్నారు? (నెల్లూరు)*

పైకి అలాగే కనపడుతుంది. టెక్సాస్ 2025 మేలో చట్టం చేసింది, 100 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది, పిల్లాడికి ఏడాదికి 10 వేల డాలర్ల చుట్టూ, 2026-27 నుంచి. అంతకుముందు అరిజోనా 2022లో అందరికీ ఇచ్చేసింది. ఇష్టం లేని పాఠాలు చెప్పే బళ్లో నా పిల్లాడు ఎందుకుండాలి, నా పన్ను డబ్బు నా పిల్లాడి వెంట రావాలి అంటారు, వినడానికి బాగానే ఉంటుంది. వద్దనేవాళ్లలో రిపబ్లికన్ పల్లెటూళ్ల ఎమ్మెల్యేలే ఉన్నారు, వాళ్ల కౌంటీలో ప్రైవేటు స్కూలే లేదు, ఉన్న ఒక్క ప్రభుత్వ బడి బక్కచిక్కిపోతుంది, ఆ ఊళ్లో పెద్ద ఉద్యోగాలిచ్చేది కూడా ఆ బడే. 2023లో వాళ్లే ఆపారు, 2024 ప్రైమరీల్లో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎలక్షన్లో) గవర్నరు వాళ్లలో చాలామందికి ఎదురు మనుషుల్ని నిలబెట్టి ఓడించాడు.

నల్లజాతి పెద్దవాళ్లు దీన్ని వింటే వేరే కథ గుర్తుచేసుకుంటారు. వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ. 1951లో బార్బరా జాన్స్ అనే 16 ఏళ్ల అమ్మాయి మా బడి రేకుల షెడ్డులా ఉంది అని పిల్లలందర్నీ తీసుకుని స్ట్రైకు చేసింది, ఆ కేసు 1954 బ్రౌన్ తీర్పులో కలిసిన ఐదు కేసుల్లో ఒకటి, తెల్ల నల్ల బళ్లు వేరుగా ఉండకూడదని కోర్టంది. కౌంటీ ఏం చేసిందో తెలుసా, కలిపే బదులు 1959లో ప్రభుత్వ బళ్లన్నీ మూసేసింది. అన్నీ! తెల్లపిల్లల కోసం ప్రైవేటు అకాడమీ పెట్టుకున్నారు, దానికి ఫీజుల కింద ప్రభుత్వం డబ్బు సాయం. నల్లపిల్లలు చర్చిల్లో, బంధువుల ఊళ్లలో, చాలామంది ఎక్కడా చదవకుండా ఐదేళ్లు, 1964లో సుప్రీం కోర్టు కల్పించుకుని తెరిపించేదాకా. ఏడేళ్లప్పుడు ఆగిన చదువు పన్నెండేళ్లకి మొదలైతే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇవాళ వోచర్ అడిగేవాళ్లందరూ అలాంటివాళ్లని నేననట్లేదు, మిల్వాకీలో 1990లో వోచర్లు కావాలని పోరాడింది నల్లజాతి తల్లిదండ్రులే. అందుకే ఇది మన ఫీజు రీయింబర్స్‌మెంట్ లెక్కలోకి రాదు.

*ప్రశ్న: కాలిఫోర్నియా పుస్తకాల్లో హిందూమతం గురించి తప్పుగా రాస్తే మనవాళ్లు పోరాడి మార్పించారని విన్నాం, వివరాలు చెప్పండి. (విశాఖపట్నం)*

సగం నిజం. 2005లో ఆరో తరగతి చరిత్ర పుస్తకాలు కొత్తగా తీసుకుంటున్నప్పుడు రెండు హిందూ సంస్థలు దిద్దుబాట్ల లిస్టు ఇచ్చాయి. కొన్ని చాలా సబబైనవి, మన దేవుళ్ల గురించి పిల్లలు నవ్వుకునేలా రాసిన వాక్యాలుండేవి, క్లాసులో మన పిల్లలు తలదించుకోవాల్సి వచ్చేది, అది ఎవరూ కాదనలేరు. కానీ అదే లిస్టులో ఇంకో రకంవి కూడా ఉన్నాయి. ప్రాచీన భారతంలో మగవాళ్లకి ఆడవాళ్లకంటే ఎక్కువ హక్కులుండేవి అన్న వాక్యాన్ని ఇద్దరికీ వేరువేరు ధర్మాలు, హక్కులు ఉండేవి అన్నట్టు మార్చమన్నారు, కులం గురించి మెత్తబరచమన్నారు, ఆర్యుల వలస మాట తీసెయ్యమన్నారు. హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ విట్జెల్, ఇంకా కొంతమంది చరిత్రకారులు వద్దని ఉత్తరం రాశారు, దళిత సంఘాల వాళ్లు వచ్చి మా తాతల బాధ పుస్తకంలోంచి తుడిచేస్తారా అన్నారు. 2006 మార్చిలో బోర్డు గొడవపడ్డ మార్పుల్లో చాలావాటిని కొట్టేసింది. హిందూ అమెరికన్ ఫౌండేషన్ కోర్టుకెళ్తే, బోర్డు పాటించిన పద్ధతి సరిగ్గా లేదు గానీ పుస్తకాలు అలాగే ఉంటాయి అని తేలింది.

పదేళ్లకి 2016లో రెండో ఆట. ఈసారి కొంతమంది ప్రొఫెసర్లు కొన్ని చోట్ల ఇండియా బదులు సౌత్ ఏషియా అని రాయమన్నారు, మన పిల్లలు బడి మానేసి రాష్ట్ర రాజధాని శాక్రమెంటో వెళ్లి వరసగా మైకు ముందు నిలబడ్డారు, ఆ జులైలో వచ్చిన ఫ్రేమ్‌వర్కులో (పాఠాల్లో ఏముండాలో చెప్పే పత్రం) ఇండియా చాలావరకు నిలబడింది. అంతవరకు నాకూ సంతోషమే. కులం గురించి అమెరికా పిల్లలకి తెలిస్తే మన పరువు పోతుందన్న వాదన మాత్రం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. మిసిసిప్పీలో బానిసత్వం పాఠం చదివితే మా పిల్లలు బాధపడతారు అని తెల్ల తల్లిదండ్రులంటే మనం నవ్వుతాం కదా.

*ప్రశ్న: ట్రంప్ విద్యాశాఖే మూసేశాడట, ఇక బళ్లుండవా? (మచిలీపట్నం)*

బళ్లుంటాయి. ఆ శాఖ పుట్టిందే 1979లో, కార్టర్ హయాంలో, దాన్ని తీసేస్తానని రీగన్ దగ్గర్నుంచీ చెప్తూనే ఉన్నారు. 2025 మార్చిలో ట్రంప్ ఆర్డర్ మీద సంతకం పెట్టాడు, సిబ్బందిని సగానికి తగ్గించే పని మొదలైంది, జులైలో సుప్రీం కోర్టు ఆ తొలగింపులు సాగనిచ్చింది. పూర్తిగా మూయాలంటే కాంగ్రెస్ చట్టం కావాలి. బళ్ల ఖర్చులో ఫెడరల్ డబ్బు పది శాతం అటూ ఇటూ అంతే, కానీ ఆ పది శాతం వెళ్లేది పేద పిల్లల బళ్లకి, వికలాంగ పిల్లల చదువుకి. దెబ్బ తగిలితే అక్కడ తగులుతుంది.

*ప్రశ్న: మేం హెచ్1బీ మీద ఉన్నాం, పదేళ్లయింది, గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందో తెలీదు. ప్రాపర్టీ ట్యాక్సు కడుతున్నాం, బోర్డు ఎలక్షన్లో ఓటు లేదు. మా మాట ఎవరైనా వింటారా? పిల్లల వీసా స్టేటస్ స్కూలు అడుగుతుందా? (ఇర్వింగ్)*

ఓటు లేదు, టెక్సాస్‌లో రాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మాత్రం 2016లో జనం ఓటేసి పిల్లలున్న విదేశీయులకి కూడా స్కూల్ బోర్డు ఎలక్షన్లో ఓటిచ్చారు, అది కోర్టులో కూడా నిలబడింది. ఆ ఊళ్లోనే 2022లో ముగ్గురు బోర్డు మెంబర్లని మధ్యలోనే దింపేసినప్పుడు, చైనా తల్లిదండ్రులు గుమ్మం గుమ్మం తిరిగి ఓట్లు రాయించారు, పేరున్న లోవెల్ హైస్కూల్లో మార్కులు చూసి సీటిచ్చే పద్ధతి తీసేశారన్న కోపం అది.

స్టేటస్ సంగతికి భయం వద్దు. కాగితాలే లేని పిల్లల్ని కూడా బళ్లో చేర్చుకోవాలి అని 1982లో ప్లైలర్ కేసులో తీర్పొచ్చింది, ఆ కేసు మీ టెక్సాస్‌దే, టైలర్ అనే ఊరిది. మీకు హెచ్4 పిల్లలు, అసలు ప్రశ్నే లేదు. అడ్రస్ ప్రూఫు, టీకాల కాగితం, పుట్టిన తేదీ, అంతే.

మాట వింటారా అంటే, బోర్డు మీటింగులో మాట్లాడటానికి మీరు సిటిజన్ అయ్యుండక్కర్లేదు. డిస్ట్రిక్టు వెబ్‌సైట్లో అజెండా ముందే పెడతారు, పబ్లిక్ కామెంట్ కోసం పేరు రాయించుకోవాలి, కొన్ని చోట్ల మీటింగ్ రోజు మధ్యాహ్నానికే ఆపేస్తారు, అది చూసుకోండి. మాట్లాడనిచ్చేది కొద్ది నిమిషాలే కాబట్టి రాసుకుని వెళ్లండి, ఒక్క విషయమే చెప్పండి. పాఠ్యపుస్తకాల కమిటీల్లో, బడ్జెట్టు కమిటీల్లో తల్లిదండ్రుల్ని తీసుకుంటారు, వాటికి పోటీ తక్కువ, మనవాళ్లు అసలు అప్లై చెయ్యరు. ఫారం ఎప్పుడొస్తుందో మీ డిస్ట్రిక్టుని అడగండి.